మేరీ జేన్ ఎందుకు పేలిపోయింది?

గత ఏప్రిల్‌లో చాప్లిన్ జయంతికి మా పక్క పట్టణంలో సినిమా ప్రియులు రెండు రోజులపాటు మూకీ హాస్య చిత్రాలు వేశారు. పిల్లలూ, రిటైరైన మేష్టార్లూ, కాలేజీ కుర్రాళ్ళూ వచ్చి హాలు నిండిపోయింది. నూరేళ్ళనాటి బొమ్మల్ని చూసి ఈ కాలం పిల్లలు కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే స్త్రీవాదులకి నవ్వడం రాదన్న పాత అభియోగాన్ని ఇంకోసారి మోయాల్సి వస్తుంది.

చివర చర్చ పెట్టారు. నేను అడిగింది ఒకే ప్రశ్న. ఈ రెండు రోజుల్లో చూపించిన వాటిలో ఒక్క సినిమా అయినా ఆడమనిషి నడిపించినది ఎందుకు లేదు అని. నిర్వాహకుల్లో పెద్దాయన, నేను గౌరవించే మనిషే, నవ్వుతూనే జవాబు చెప్పారు. "అమ్మా, ఈ నవ్వుకి కులం లేదు, మతం లేదు, భాష లేదు, ఆడా మగా లేదు. కాలు జారి పడ్డవాణ్ణి చూసి ప్రపంచమంతా నవ్వుతుంది. దీన్ని కూడా మీ కొలబద్దతో కొలవకండి." హాలంతా చప్పట్లు కొట్టింది. అసలు అలాంటి సినిమాలు ఉన్నాయా అని వెనక వరసలోంచి ఓ కుర్రాడు అడిగాడు గానీ ఆ చప్పట్లలో అతని ప్రశ్న వినపడలేదు. అతనికీ, పెద్దాయనకీ కలిపి ఈ జవాబు.

స్లాప్‌స్టిక్ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూద్దాం. అది ఒక కర్ర పేరు. ఇటలీ జానపద నాటకాల్లో విదూషకుడి చేతిలో రెండు పలకలు కలిపి కట్టిన బద్ద ఉండేది. కొడితే చప్పుడు పెద్దగా వచ్చేది, దెబ్బ తగిలేది కాదు. అదే కర్ర ఇంగ్లండులో పంచ్ అనే తోలుబొమ్మ చేతికి వచ్చింది. ఆ కర్రతో పంచ్ ముఖ్యంగా చేసే పని తన పెళ్ళాం జూడీని బాదడం. తరతరాల పిల్లలు సముద్రపు ఒడ్డున కూర్చుని ఆ ఆట చూసి నవ్వారు. ఆడా మగా లేదంటున్న నవ్వు చేతికర్ర చరిత్ర ఇది.

అయినా ఈ హాస్యంలోని బలాన్ని నేను తక్కువ చేయడం లేదు. దానికి భాష అక్కర్లేదు. ఇంగ్లీషు రాని వలస కూలీలు అమెరికాలో అయిదు సెంట్లిచ్చి వీటిని చూశారు. మాటలు లేకుండా సినిమా నడుస్తుందని 1987లో సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం'తో మనకీ ఇంకోసారి చూపించారు. పైగా ఇందులో పోలీసు గోతిలో పడతాడు, యజమాని బురదలో పడతాడు, పెద్దమనిషి మొహాన క్రీము పూసిన కేకు పడుతుంది. బతుకంతా తలవంచుకుని పనిచేసే వాళ్ళకి ఇంతకంటే ఆనందం ఏముంటుంది? 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928)లో ఇంటి ముందుగోడ మొత్తంగా బస్టర్ కీటన్ మీదికి ఒరిగిపోతుంది. కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికి వస్తుంది గనక బతుకుతాడు. అది నిజం గోడ. ఎన్నిసార్లు చూసినా నా గుండె ఆగినంత పనవుతుంది. 1923లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడిన హెరాల్డ్ లాయిడ్‌కి అప్పటికే కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. 1919లో ఉత్తుత్తి బాంబు అనుకున్నది చేతిలో పేలి పోయాయి.

ప్రేక్షకుడికీ ఈ హాస్యానికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. పడ్డవాడికి నొప్పి ఉండదు, లేచి దులుపుకుని వెళ్తాడు, అందుకే మనం నిశ్చింతగా నవ్వవచ్చు. తెర వెనక లాయిడ్ వేళ్ళు పోయినా తెర మీద ఆ ఒప్పందం చెక్కుచెదరదు. నా పేచీ ఈ ఒప్పందంతోనే. నొప్పి ఉండదని మొదట ఎవరి శరీరాల గురించి అనుకున్నారు?

1903లో ఇంగ్లండులో బ్రైటన్ పక్కనే ఉన్న హోవ్‌లో జి.ఎ. స్మిత్ తీసిన నాలుగు నిమిషాల సినిమా ఒకటి ఉంది. 'మేరీ జేన్ ప్రమాదం' అని చెప్పుకోవచ్చు. మేరీ జేన్ ఓ ఇంట్లో పనిమనిషి. ఆ వేషం వేసింది స్మిత్ భార్య లోరా బేలీ. ఎంత గొప్ప నటి! తెల్లారి లేచి నిద్రకళ్ళతో వంటింట్లోకి వస్తుంది. బూట్లకి నలుపు పూస్తూ మూతికి కూడా పూసుకుని మీసాలు దిద్దుకుంటుంది. నేరుగా మనవైపు చూసి కన్ను కొడుతుంది. పొయ్యి అంటుకోదు. కిరసనాయిలు డబ్బా తెచ్చి గుమ్మరిస్తుంది. పెద్ద పేలుడు. పొగగొట్టంలోంచి ఆమె శరీరం ఆకాశంలోకి ఎగిరిపోయి ముక్కలు ముక్కలుగా కింద పడుతుంది. తర్వాత సమాధి, దాని మీద ఓ పరిహాసపు రాత, ఆమె దయ్యమై లేచి తన కిరసనాయిలు డబ్బా కోసం రావడం. కథ అంతే.

ఇది ఒక్క సినిమా అయితే పట్టించుకోనక్కర్లేదు. అమెరికాలో 1900లోనే బ్రిజెట్ అనే పనిమనిషి పొయ్యి అంటించిన కథ ఉంది. 1901లో ఎడిసన్ కంపెనీ తీసిన ఇంకో సినిమాలో బ్రిజెట్ మెకీన్ కిరసనాయిలుతో పొయ్యి వెలిగించబోయి పైకప్పు దాటి ఎగిరిపోతుంది. ఆ తర్వాత సమాధి ఫలకం. బ్రిజెట్ అన్నది ఐరిష్ పనిమనుషులందరికీ యజమానులు పెట్టిన ఉమ్మడి పేరు. అమెరికా పట్టణాల మధ్యతరగతి ఇళ్ళల్లో అంట్లు తోమింది, పొయ్యిలు రాజేసింది ఎక్కువమంది ఐర్లండు నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయిలే. పనిమనిషి మొద్దు, పనిమనిషి దుబారా, పనిమనిషికి పొగరు అన్న యజమానురాళ్ళ ముచ్చట్లు తెర మీదకెక్కి పేలుడయ్యాయి. సమాజశాస్త్రంలో ఇంటిచాకిరీ గురించి చదువుకున్న నాకు ఈ సినిమాలు చూస్తే మన అపార్ట్‌మెంట్ల మెట్ల మీద వినపడే మాటలే గుర్తొచ్చాయి. మన సినిమాల్లో పనిమనిషి పాత్ర ఇప్పటికీ ఎందుకుంటుందో వేరే చెప్పాలా?

జూన్‌లో మా శిక్షణా తరగతుల్లో రాత్రి భోజనాలయ్యాక గోడ మీద దుప్పటి కట్టి ఈ మేరీ జేన్ సినిమా వేశాను. ముప్ఫై మంది దాకా స్త్రీలు. పొదుపు సంఘాల వాళ్ళు, అంగన్‌వాడీ ఆయాలు, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళు. మీసాలు దిద్దుకున్నప్పుడు ఒకటే నవ్వు. కన్ను కొట్టినప్పుడు ఈలలు. ఆమె డబ్బా ఎత్తగానే ఎవరో "అమ్మో, కిరసనాయిలు" అన్నారు. పేలుడు అయ్యాక గదిలో ఎవ్వరూ నవ్వలేదు. ఆకాశంలోంచి కాళ్ళూ చేతులూ పడుతున్నాయి, సినిమా పూర్తయిపోయింది, అయినా ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనకనుంచి ఒకామె అంది, "ఆ పిల్ల పోసుకోలేదమ్మా. వాళ్ళే పోసుంటారు."

కళ్ళెదుట ఆమె తన చేత్తో పోయడం చూసి కూడా అన్న మాట ఇది. తరతరాల యజమానులు నవ్వుకున్న కథని, ఆ పని చేసే మనిషి ఒక్క వాక్యంతో తిరగరాసింది. స్టవ్ పేలి కోడలి మృతి, వంట చేస్తుండగా చీర అంటుకుని వివాహిత మృతి అని వార్తలు చదివిన తరం మనది. మరణవాంగ్మూలం తీసుకోవడానికి ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్న వాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లోనే ఉన్నారు. 1983లో 498ఎ, 1986లో 304బి ఆ పోరాటాల్లోంచే వచ్చాయి. 2024 జూలై నుంచి అవి న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లయ్యాయి. నంబర్లు మారాయి. వంటింట్లోకి గ్యాస్ వచ్చింది. 2022లో దేశంలో నమోదైన వరకట్న మరణాలు మాత్రం ఆరు వేల పైమాటే. 'ప్రమాదం' అన్న మాట వినగానే మన స్త్రీలకి నవ్వు ఆగిపోతే అది వాళ్ళ హాస్యప్రియత్వ లోపమా?

ఇక్కడే పెద్దాయనకి నా మొదటి జవాబు. నవ్వు అందరిదీ ఒకటి కాదు. పడ్డవాడి నొప్పి తనకి తెలిసినప్పుడు మనిషి వేరే రకంగా నవ్వుతాడు. చాప్లిన్‌ని గొప్పవాణ్ణి చేసిందీ ఇదే అని నేననుకుంటాను. 'ది కిడ్' (1921)లో ఆకలి నిజం ఆకలి. 'గోల్డ్ రష్' (1925)లో బూటు ఉడకబెట్టుకుని తినేవాడి బాధ మనకి అందుతుంది. 'మోడరన్ టైమ్స్' (1936)లో అన్నం తినిపించే యంత్రం అతని మొహాన్ని బాదుతుంటే కార్మికుడి శరీరం ఏమవుతుందో అర్థమవుతుంది. పాత ఒప్పందాన్ని రద్దు చేసి తన దేశదిమ్మరికి నొప్పిని ఇచ్చాడు. దాన్నే మనం కళ అన్నాం. మేరీ జేన్‌కి ఆ హక్కు ఎవరూ ఇవ్వలేదు.

మరి ఆ దేశదిమ్మరి వేషం మొదట వేసుకున్న సినిమా ఏమిటో మన చాప్లిన్ అభిమానుల్లో ఎందరికి తెలుసు? 1914 ఫిబ్రవరిలో వచ్చిన 'మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్'. ఇంకోటి రెండు రోజుల ముందు విడుదలైంది గానీ వేషం మొదట కట్టింది దీనికోసమే. ఒక హోటల్లో రాత్రి దుస్తుల్లో ఉన్న అమ్మాయి గది తలుపు మూసుకుపోయి వరండాలో చిక్కుకుపోతుంది. తాగి ఉన్న మన దేశదిమ్మరి ఆమె వెంట పడతాడు. ప్రపంచం ప్రేమించిన ఆ టోపీ, ఆ చేతికర్ర, ఆ మీసం పుట్టింది ఒక ఆడపిల్లని వేధించే తాగుబోతు వేషంగా. ఆ అమ్మాయి మేబెల్ నార్మండ్. దర్శకురాలు కూడా ఆమే.

మేబెల్ అప్పటికే పెద్ద తార. 1912లో ఓ సినిమా కోసం విమానం ఎక్కింది. 1913లో రైలు పట్టాలకి కట్టేయించుకుంది. ఈదేది, దూకేది, తన్నేది, తన్నులు తినేది. సినిమాలకి పేర్లే ఆమె పేరుతో పెట్టేవారు. 1914లో దర్శకత్వం మొదలుపెట్టినప్పుడు ఇరవైలు దాటీ దాటని వయసు. అదే ఏడు 'మేబెల్ ఎట్ ది వీల్' తీస్తుండగా కొత్తగా వచ్చిన చాప్లిన్ ఆమెతో గొడవపడ్డాడు. ఈ సంగతి 1964లో తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఆమె అందం మీద ఆయనకి సందేహం లేదు, దర్శకత్వ సామర్థ్యం మీద నమ్మకం లేదు! రోడ్డు తడిపే నీళ్ళ గొట్టం మీద కాలేసి నీళ్ళు ఆపి, ఎందుకు రావడం లేదని గొట్టంలోకి తొంగిచూసే హాస్యం పెడదామన్నాడట. టైము లేదు, చెప్పింది చెయ్యమంది ఆమె. చెయ్యనని రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఇంతకీ ఆ గొప్ప ఊహ 1895లో లూమియేర్ సోదరులు తోటమాలి మీద తీసిన సినిమాలోదే. పంతొమ్మిదేళ్ళనాటి పాత జోకు వద్దన్నందుకు ఆమె అసమర్థురాలైంది. యజమాని మాక్ సెనెట్ చాప్లిన్‌ని తీసేయాలనుకున్నంతలో అతని సినిమాలు బాగా ఆడుతున్నాయి, ఇంకా పంపమని న్యూయార్కు నుంచి తంతి వచ్చింది. ఆ గొడవ ఎటు తేలిందో చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళు పై అధికారులుగా ఉన్న ఏ ఆఫీసులోనైనా ఈ కథ మనకి పరిచయమే.

మేబెల్ 1916లో తన పేరుతో కంపెనీ పెట్టుకుంది. 'మికీ' (1918) బ్రహ్మాండంగా ఆడింది. 1922లో ఒక దర్శకుడి హత్య జరిగితే, చివరగా ఆయన్ని కలిసింది ఈమే అన్న ఒక్క కారణంతో పత్రికలు ఆమెని కాల్చుకుతిన్నాయి. ఆమె మీద ఏ నేరమూ మోపలేదు. 1930లో క్షయతో పోయింది. చాప్లిన్ కథలో ఒక పేజీగా మిగిలింది. 1914 చివర్లో వచ్చిన 'టిల్లీస్ పంక్చర్డ్ రొమాన్స్'లో అసలు నాయిక మేరీ డ్రెస్లర్. ఆమె రంగస్థల ఖ్యాతి మీదే ఆ సినిమా తీశారు. ఇవాళ దాన్ని చాప్లిన్ సినిమాగా అమ్ముతున్నారు. ఆమె లావు మీద అందులో వేసిన జోకులు నాకు రుచించవు. కానీ ఆమె దెబ్బ తిన్న ప్రతిసారీ రెండు దెబ్బలు కొడుతుంది. ఈ డ్రెస్లరే 1919లో న్యూయార్కు నాటకరంగం సమ్మెలో బృందనర్తకుల సంఘానికి మొదటి అధ్యక్షురాలైంది. సినిమా చరిత్ర చెప్పే మగవాళ్ళు ఈ సంగతి చెప్పరు. బరువు సంగతి మాత్రం చెబుతారు.

అమెరికా మూకీ కథాచిత్రాల్లో సుమారు 70 శాతం నశించిపోయాయని 2013లో అక్కడి జాతీయ గ్రంథాలయం లెక్కతేల్చింది. అందరి సినిమాలూ పోయాయి, నిజమే. కానీ పేరున్న మగవాళ్ళు సొంతంగా దాచుకున్నవీ, మళ్ళీ మళ్ళీ అచ్చువేసి అమ్ముకున్నవీ మిగిలాయి. మిగిలినవే గొప్పవి గనక మిగిలాయని మనం నమ్ముతున్నాం.

పోనీ మిగిలిన వాటినే చూద్దాం. 1914లో చాప్లిన్ ఆడవేషం వేసిన 'ఎ బిజీ డే'. గయ్యాళి పెళ్ళాం జనం మధ్య రభస చేస్తుంది, చివరికి మొగుడు ఆమెని రేవు మీదినుంచి సముద్రంలోకి తోసేస్తాడు. మునిగిపోతుంది, సినిమా అయిపోతుంది. తర్వాత దీన్ని ఓటుహక్కు ఉద్యమకారిణి అన్న అర్థం వచ్చే పేరుతో కూడా అమ్మారు. అదే కాలంలో ఇంగ్లండు జైళ్ళలో ఓటు కోసం నిరాహారదీక్ష చేస్తున్న స్త్రీల గొంతుల్లోకి గొట్టాలు దూర్చి బలవంతంగా తిండి పోస్తున్నారు. కీటన్ 'సెవెన్ ఛాన్సెస్' (1925) ఇంకోటి. ఆస్తి కోసం పెళ్ళాడతానన్న వాణ్ణి వందలమంది పెళ్ళికూతుళ్ళు తరుముతారు. ఆ పరుగు అద్భుతం, ఒప్పుకుంటాను. అందులో ఆడవాళ్ళు ఒక మంద. నల్లజాతి స్త్రీ అని తెలియగానే అతను వెనక్కి తిరగడమే అందులో ఒక జోకు. ఆ రోజు హాల్లో దానికీ నవ్వారు.

సరే, లీటా గ్రే సంగతి. 'ది కిడ్'లో దేవకన్య వేషం వేసినప్పుడు ఆ పిల్లకి పన్నెండేళ్ళు. 'గోల్డ్ రష్'కి నాయికగా తీసుకుని, గర్భం రావడంతో ఆ వేషం ఇంకొకరికిచ్చి, 1924 నవంబరులో పెళ్ళి చేసుకున్నప్పుడు పదహారు. ఆయనకి ముప్ఫై అయిదు. 1927లో విడాకుల కేసు వేస్తే పారిస్ అధివాస్తవిక కవులు, మన శ్రీశ్రీ తరం ఎవరి పేర్లు చెప్పుకుని మురిసిందో వాళ్ళే, చాప్లిన్‌ని సమర్థిస్తూ ఓ ప్రకటన అచ్చువేశారు. ప్రేమ జోలికి రావద్దని దాని పేరు. మేధావిని ఒక మామూలు ఆడపిల్ల వలవేసి పట్టిందని సారాంశం. విప్లవ కవిత్వం ఎంత దూరం పోయినా ఇంటి గడప దగ్గర ఆగిపోతుందని మనకి కొత్తగా తెలియాలా?

ఇదంతా చెబితే మనలోనే కొందరు మిత్రులు, అయితే ఈ సినిమాలు పిల్లలకి చూపించకూడదా అన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. బహిష్కరించడమంటే ఆ కర్రని శాశ్వతంగా పంచ్ చేతిలో వదిలేయడం. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు కొడితే బంగారక్క ఊరుకుంటుందా? వాణ్ణి తిట్టి, తన్ని, కేతిగాడితో సరసాలాడి రామాయణాన్ని కాసేపు ఆపేస్తుంది. శుద్ధ సంస్కారులు బంగారక్కని బూతు అని తరిమేశారు. మనం కూడా ఆ పనే చేద్దామా?

పైగా వెనక వరస కుర్రాడు అడిగిన సినిమాలు ఉన్నాయి. 1906లో అలిస్ గీ ఫ్రాన్సులో తీసిన ఒక చిత్రంలో మగవాళ్ళు కుట్టుపని చేస్తూ సిగ్గుపడుతుంటారు, ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని తాగుతుంటారు. 1911లో ఇంగ్లండులో టిల్లీ అక్కచెల్లెళ్ళు ఫైరింజను ఎత్తుకుపోయి వెంటపడ్డ మగవాళ్ళని గొట్టంతో తడిపేశారు. ఫ్రాన్సులో సారా డ్యుహమెల్ రోజలీ పేరుతో ఇల్లంతా బోర్లించింది. లియోన్టీన్ అనే అల్లరి పిల్ల బుడగలు పట్టుకుని ఆకాశంలో ఎగిరింది. 2022లో ఇలాంటివి తొంభై తొమ్మిది ఒకచోట చేర్చి డిస్కులుగా తెచ్చారు. నిర్వాహకులు కోరితే నా కాపీ ఇస్తాను.

ఆ రాత్రి మేరీ జేన్ తర్వాత అందరూ అలా కూర్చుండిపోతే లియోన్టీన్ వేశాను. ఆ పిల్లకి బొమ్మ పడవ ఇస్తారు. పడవకి నీళ్ళు కావాలి కదా? ఇల్లంతా నీళ్ళతో నింపేస్తుంది. కింది అంతస్తు వాళ్ళ నెత్తి మీద నీళ్ళు కారి, సామాన్లు తేలి, పెద్దవాళ్ళంతా తడిసి ముద్దయ్యారు. మా వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నాలుగు ఇళ్ళల్లో అంట్లు తోమే ఒకామె కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను. మూడోసారి కూడా వేశాను. ఇందాక "వాళ్ళే పోసుంటారు" అన్నామె దుప్పటి మడతపెడుతూ అడిగింది, "ఆ పిల్ల అసలు పేరేంటమ్మా?"

అన్ని సినిమాల్లో వేసిన ఆ నటి పేరు ఎవరూ రాసి పెట్టలేదు. 2022 డిస్కుల మీద కూడా లేదు. తెలియదు అక్కా అన్నాను.

"రాసుకోవాల్సింది" అని ఆమె దుప్పటి నా చేతికిచ్చింది.